ఉందా గారు

నాలుగు వందల పన్నెండో "ఉందా?"ను ఆయన చెరిపేశాడు. తెరమీద ఆ వరుస మాయమై, కింది వరుస మెల్లగా పైకి జరిగింది.

ఆఫీసులో అందరూ ఆయన్ని ఉందా గారంటారు. లైబ్రరీలకు ప్రోగ్రాములు రాస్తూ ఇరవై రెండేళ్లు గడిపిన మనిషి. పాత కంప్యూటర్ భాషలో ఏ వివరాన్ని వాడుకోవాలన్నా అది ఉందో లేదో ముందు అడగాలి. అడక్కుండా ముట్టుకుంటే, అది లేనిరోజున ప్రోగ్రాము మొత్తం బొక్కబోర్లా పడుతుంది. అందుకని పుస్తకం ఉందా, పేరు ఉందా, చిరునామా ఉందా అని అడుగుతూనే ఉన్నాడు, పాపం. ఇప్పుడు కొత్త వెర్షన్ వచ్చింది. లేనిదాన్ని ఆ భాషే ముందుగా పట్టుకుంటుందట.

"ఇక అడగక్కర్లేదు సార్. ఉన్నట్టే అనుకుని రాసేయండి," అంది టీమ్ లీడర్, కూతురి వయసు పిల్ల.

"అనుకుంటే సరిపోతుందా అమ్మా?"

"దాని పూచీ దానిది. మీరెందుకు బుర్ర పాడుచేసుకుంటారు?"

పొద్దున ఒక్కో వరుస చెరపడానికి ప్రాణం ఒప్పలేదు. మధ్యాహ్నానికి వేళ్లకు అలవాటైంది. కిటికీలోంచి ఎండ కీబోర్డు మీదికి పాకింది. తెర ఖాళీ అవుతున్నకొద్దీ నీళ్లలో తేలుతున్నట్టు హాయిగా అనిపించింది. ఇన్నేళ్లూ ఎందుకింత భయపడి చచ్చానా అని నవ్వుకున్నాడు.

ఇంట్లో ఆయనకు ఉన్నదల్లా అక్క. బట్టలు కుడుతుంది. గుండె బలహీనంగా ఉంది, జాగ్రత్త అని డాక్టర్ చెప్పి ఏడాదైంది. అప్పట్నుంచి ఆయన గుమ్మంలోనే ఆగి, "అక్కా, ఉన్నావా?" అని అడుగుతాడు. ఆవిడ నోట్లో గుండుసూదులుంటాయి. అందుకే కుట్టేటప్పుడు వేలికి పెట్టుకునే ఇత్తడి తొడుగుతో మిషన్ బల్లను రెండుసార్లు కొడుతుంది. టక్, టక్. అది విన్నాకే ఆయన చెప్పులు విప్పుతాడు. సూదులు లేనిరోజున మాత్రం, "లేక ఏ ఊరు పోతాన్రా, వెర్రి వెంగళప్పా!" అని తిడుతుంది.

ఆ సాయంత్రం ఆయన అడగలేదు. తలుపు తోసుకుని వచ్చి, చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టాడు.

"ఇవాళ నాలుగు వందల పైచిలుకు పీకి పారేశానక్కా! ఇక నన్ను ఏమని పిలుస్తారో చూడాలి."

అక్క మిషన్ మీది నీలం గుడ్డపై తల వాల్చి ఉంది. కునుకు తీస్తోందనుకున్నాడు. టీ పెట్టి తెచ్చి, గొంతు తగ్గించి, రోజంతా జరిగింది పూసగుచ్చినట్టు చెప్పాడు. నీళ్లలో తేలినట్టుండటం గురించి కూడా చెప్పాడు. ఆవిడ కప్పులో టీ మీద మీగడ కట్టింది.

అప్పుడు అడిగాడు.

"అక్కా... ఉన్నావా?"

చెయ్యి పట్టుకున్నాడు. అది ఇంకా పూర్తిగా చల్లబడలేదు. గుమ్మంలో ఆగి అడిగి ఉంటే ఆ చప్పుడు వినిపించేదేమో, వినిపించేది కాదేమో. అది తెలుసుకునే దారి ఇక లేదు. ఆయనకు ఏడుపు ముంచుకొచ్చింది.

ఆవిడ వేలి తొడుగు తీసి తన వేలికి పెట్టుకోబోయాడు, పట్టలేదు. వేళ్ల కొసలతో పట్టుకుని బల్లను ఒకసారి కొట్టాడు. రెండోసారికి చెయ్యి లేవలేదు.

చల్లారిన కప్పు పక్కన ఇత్తడి తొడుగు బోర్లా ఉండిపోయింది.