నాంపల్లి మేడమీది జాడీ

శశికళకు భయపడటం ఒక పని. ఉద్యోగం రాకముందు కూడా ఆ పని శ్రద్ధగానే చేసేది. ఇప్పుడు దానికి జీతం కూడా దొరికిందని వాళ్ల అన్న బాలకిషన్ ఎగతాళి చేసేవాడు.

ఊళ్లో గాలి ఎంత మురికిగా ఉందో కొలవడానికి ఖైరతాబాద్‌లో ఒక ఆఫీసు కొత్తగా వెలిసింది. కొలిచే పద్ధతి చెబితే నవ్వొస్తుంది. కొన్ని మేడల మీద ఇనుప స్టాండ్లు నిలబెట్టి, ఒక్కోదాని మీద వెడల్పు మూతి జాడీ పెట్టి, అందులో నీళ్లు పోసి, పాచి పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపి వదిలేస్తారు. గాలిలోని దుమ్మూ మసీ వచ్చి అందులో పడతాయి. నెల తిరిగాక జాడీని ఆఫీసుకు తెచ్చి, అడుగున చేరిన మడ్డిని వడగట్టి, ఆరబెట్టి తూస్తారు. వారానికొకసారి వెళ్లి జాడీలో నీళ్లున్నాయో లేదో చూసి రావడం శశికళ ఉద్యోగం.

మొదట్లో ఈ పనికి మగవాళ్లనే పెట్టారు. మేడల మీద ఆడవాళ్లు తలలు ఆరబెట్టుకునే వేళకు పరాయి మగాడు మెట్లెక్కి వస్తే ఎవరు ఊరుకుంటారు? నాలుగిళ్లలో నాలుగు గొడవలయ్యాక, ఆఫీసరు లక్ష్మణరావుకు ఆడపిల్లను పెట్టాలన్న తెలివి వచ్చింది.

శశికళ తండ్రి రామచందర్ సుల్తాన్ బజార్‌లో స్కూలు మాస్టరు. కూతురు పరాయిళ్ల మేడలెక్కడం ఆయనకు సుతరామూ ఇష్టం లేదు. ఆమె రెండు రోజులు అన్నం మానేస్తే చివరికి దిగొచ్చాడు.

"పో. కని ఒక్క మాట ఇను. ఎవరింట్లకెల్లన్న, ఆఫీసులకెల్లన్న నీ మీద ఒక్క కంప్లేంట్ వచ్చిందా, గంతే. నౌకరీ బంద్."

దాంతో ఆమె భయాలకు కొత్త కొమ్మలు మొలిచాయి. ఆబిడ్స్‌లో బట్టల దుకాణం మేడమీది జాడీని కోతులు తోసేస్తాయని భయం. హిమాయత్‌నగర్ జాడీ ఎండకు పగులుతుందని భయం. అన్నిటికన్నా ఎక్కువ భయం నాంపల్లి జాడీ గురించి. అది స్టేషన్ వెనకాల, రైలింజన్ల పొగ నేరుగా వచ్చే మేడ. లక్ష్మణరావుకు ఆ జాడీ అంటే ప్రాణం. ఊరి మొత్తంలో మురికి లెక్క తేలేది అక్కడేనని ఆయన నమ్మకం.

ఆ ఇంటావిడ నాగరత్నం తెనాలి నుంచి వచ్చి స్థిరపడిన మనిషి, యాభై ఏళ్లుంటాయి. శశికళ జాడీ పెట్టడానికి వెళ్లిన రోజు ఆమె మేడమీద వడియాలు పెడుతోంది. చుట్టూ పిట్టగోడ నిండా కాకులు. వాటిని చూడగానే శశికళ జాడీ మూతికి చెయ్యి అడ్డం పెట్టింది.

"పెద్దమ్మా, మీకు దండం పెడ్త. గీ జాడీ గీడ నెల రోజులుంటది. దీంట్ల ఏం పడకుండ జర సూస్కోండ్రి. ఏమన్న పడ్డదంటె నా నౌకరీ పోతది."

"అయ్యో, దానికింత దిగులెందుకమ్మాయ్? నలుసు కూడా పడనివ్వను. నాకొదిలెయ్" అంది నాగరత్నం.

శశికళకు సగం బరువు దిగింది. ఆ మిగిలిన సగం వారం వారం పెరుగుతూ వచ్చింది. ఎప్పుడు వెళ్లి చూసినా నాంపల్లి జాడీలో నీళ్లు తేటగా ఉండేవి. ఆబిడ్స్ జాడీలో అప్పటికే అడుగు కనపడటం లేదు. ఇక్కడ మాత్రం అడుగున పైసా వేస్తే దాని మీది అక్షరాలు చదవచ్చు. ఎందుకిలా ఉందో ఆఫీసులో అడగాలంటే భయం. అడిగితే నువ్వే ఏదో చేసి ఉంటావంటారని ఇంకా భయం. నోరు మూసుకుని నెల గడిపింది.

నెలాఖరున లక్ష్మణరావు జాడీని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి లోపలికి తొంగి చూశాడు.

"ఇది నాంపల్లిదేనా?"

"ఔ సార్."

"స్టేషన్ వెనకాల గాలి హిమాయత్‌నగర్ కంటే శుభ్రంగా ఉందన్నమాట. నీకు ముందు చేసినవాడు జాడీని వాళ్లింట్లో దాచుకుని, నెలాఖరున కుళాయి నీళ్లు పోసి తెచ్చేవాడు. నేను పట్టుకున్నాను. నువ్వూ అదే బడి పిల్లవా?"

"కాదు సార్, నేను ప్రతి వారం పోయిన..."

"కొత్త జాడీ పెట్టి నాలుగు రోజులైందిగా? పద, ఇప్పుడే చూద్దాం. అక్కడ లేకపోయిందో, రేపటి నుంచి రానక్కర్లేదు. మీ నాన్నగారికి నేనే కబురు చేస్తాను."

బస్సులో నాంపల్లి దాకా శశికళ రోజులు లెక్కపెట్టుకుంటూనే ఉంది. జాడీ పెట్టిన మాట నిజమే. కానీ తను వెళ్లేది శుక్రవారం, ఇవాళ మంగళవారం. ఈలోగా ఏ కోతో తన్నేసి ఉంటే? నాగరత్నం లోపల పెట్టేసి ఉంటే? తండ్రి మొహం కళ్ల ముందు తిరుగుతోంది. చేయని తప్పుకు పోయే ఉద్యోగం మరీ బాధ.

మెట్లెక్కేసరికి జాడీ స్టాండు మీదే ఉంది. హమ్మయ్య అనుకుంది. ఆ మరుక్షణమే దాని మూతి కనిపించింది. మూతికి తెల్లటి పాత పంచె ముక్క, చుట్టూ తాడుతో బిగుతుగా, ఒక్క ముడత లేకుండా కట్టి ఉంది. ఆవకాయ జాడీకి కట్టే వాసెన!

నాగరత్నం వెనకే వచ్చి మురిసిపోతూ చెప్పింది. "నెలంతా ఇలాగే కాపాడానండీ. గుడ్డ నల్లబడగానే మార్చేస్తున్నా. అమ్మాయి వచ్చే శుక్రవారం పొద్దున్నే విప్పి, ఉతికి, అదుగో ఆ తీగ మీద ఆరేసేదాన్ని. ఆమె చూసుకోవాలి కదా."

లక్ష్మణరావు తల పట్టుకున్నాడు. "అమ్మా, అది పెట్టిందే దుమ్ము పడటానికండీ! వాసెన కట్టమని మీకెవరు చెప్పారు?"

నాగరత్నం శశికళ మొహం చూసింది. ఆ మొహంలో రక్తం లేదు. పిల్ల ఉద్యోగానికి ముప్పొచ్చిందని ఆమెకు అర్థమైపోయింది.

"ఎవరు చెబుతారు బాబూ? నా తెలివితక్కువే. అమ్మాయికేం తెలీదు."

ఆ మాటను పట్టుకుని ఒడ్డెక్కితే అయిపోయేది. శశికళకు ఎక్కాలనే అనిపించింది. కానీ నాగరత్నం చీరకొంగు వేలికి చుట్టుకుంటూ, ఆ వయసులో, కొడుకు వయసువాడి ముందు తల దించుకుని నిలబడింది. శశికళ అది చూడలేకపోయింది.

"నేనే జెప్పిన సార్. ఏం పడనీయకుండ్రి అని మొక్కిన. కాకుల భయంతోని అన్న. పెద్దమ్మ తప్పు లేదు."

లక్ష్మణరావు వాసెన విప్పాడు. గుడ్డ పైవైపు పొయ్యి మీది మసిగుడ్డలా ఉంది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పోయిన నెల లెక్క పోయింది. ఈ నెల చూస్తాను. ఈసారి కూడా ఈ జాడీలో మడ్డి లేకపోతే ఇంకేం చెప్పొద్దు, మానెయ్."

ఇక ఆ నెలంతా ఆమె భయం తలకిందులైంది. మురికి పడకపోతే ఎలా అని బెంగ. ఒక శుక్రవారం గాలి లేదని ఏడ్చినంత పని చేసింది. నాగరత్నం మాత్రం జాడీ వైపు వీపు పెట్టి కూర్చుని వడియాలు తీసేది. పాడవుతున్న దాన్ని చూస్తూ ఊరుకోవడం తన వల్ల కాదంది.

నెల నిండింది. శశికళ జాడీలోకి తొంగి చూసింది. నీళ్లు నల్లగా, అడుగున వేలు మందాన మడ్డి. ఉన్నపళంగా నవ్వేసింది. రెండు చేతులూ జోడించి స్టేషన్ వైపు దండం పెట్టింది.

"ఏంటమ్మాయ్ ఆ సంబరం?"

"నా నౌకరీ నిలబడ్డది పెద్దమ్మా! సూడుండ్రి, ఎంత పడ్డదో!"

నాగరత్నం దగ్గరికొచ్చి వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"ఇదంతా ఒక్క నెలలోనే?"

"ఔ!"

"ఎండాకాలం మేమంతా ఇక్కడే పడుకుంటాం" అంది నాగరత్నం మెల్లగా. "నోళ్లు తెరుచుకుని."

శశికళ నవ్వు ఆగిపోయింది. కిందకెళ్లి పడుకోండి అందామనుకుంది. కింది గదుల కిటికీలు కూడా స్టేషన్ వైపే ఉన్నాయి. జాడీకేమవుతుందోనని ఇన్నాళ్లూ వణికింది గానీ, దాని పక్కన పడుకునే మనుషులకేమవుతుందోనని ఒక్కనాడూ భయపడలేదు. సిగ్గేసింది.

ఉద్యోగం నిలబెట్టిన ఆ జాడీని రెండు చేతులా పట్టుకుని మెట్లు దిగింది. నాగరత్నం గుమ్మం దాకా వచ్చి, ఇంత మసికి ఏం చెయ్యాలో ఆఫీసులో అడిగి చెప్పమంది. అడుగుతానంది శశికళ. ఆఫీసులో తూయడం తప్ప ఇంకేం చేయరని ఆమెకు తెలుసు.