కొండ మీద మొక్కు

"ఆర్గిరో, బకెట్టు పట్టుకుని పైకి రా. వానకి చర్చిలో మళ్లీ నీళ్లు నిలిచాయి. ఫాదరు గారొచ్చేలోగా తుడిచెయ్" అని కొండ మీంచి ఫోన్ చేశాడు మా ఆయన లూకాస్. ఉత్సవానికి వచ్చే ఊరందరికీ పెట్టాల్సిన శనగల కుండ దింపి బయల్దేరాను.

నా గుండె ఆపరేషనప్పుడు, నేను బతికితే చర్చి కట్టిస్తానని మొక్కుకున్నాడు. బతికాను, కట్టించాడు. ఏథెన్స్ నుంచి ఒక ఆర్కిటెక్టును దింపాడు. గుమ్మటం లేదు, సున్నం లేదు. కొండ కొమ్మున ఉత్త కాంక్రీటు పెట్టె, తూర్పు గోడకి నిలువునా ఒక చీలిక. అద్దం పెడితే అందం పోతుందట. "అందులోంచి దైవం వెలుగై దిగుతుంది మేడమ్" అన్నాడా మహానుభావుడు. ఇప్పటిదాకా దిగింది వానా, పావురాల రెట్టా. పైకి రోడ్డు కూడా వద్దన్నాడు, దేవుడి దగ్గరికి మనిషి కష్టపడి నడిచి రావాలట. ఆ కష్టం బకెట్టుతో పడేది నేను.

పునీత లూకా పేరు పెట్టారు. ప్రాణం నాది, పేరు ఆయనది. "నీకోసం గుడే కట్టాడు, ఎంత అదృష్టవంతురాలివే" అంటుంది అత్తగారు. ఆసుపత్రిలో నా పక్కన కూర్చున్నది మా అక్క. ఈయనకి ఆ వాసన పడదు. ఇంట్లో కూర్చుని మొక్కుకున్నాడు, పాపం.

పోయిన నెల డాక్టరు, ఆ కొండ ఎక్కితే ఈసారి దక్కవన్నాడు. ఇంటికొచ్చి చెబితే లూకాస్ ఫోర్కు కింద పెట్టకుండానే, "మరి గుడెవరు చూస్తారు?" అన్నాడు.

ఆయాసపడుతూ పైకి చేరేసరికి పునీతుల పటాల గోడ వెనక, బలిపీఠం చుట్టూ నీళ్లు నిలిచి ఉన్నాయి. ఆడవాళ్లు అడుగుపెట్టకూడని చోటు కదా, ఆగాను. అప్పుడే వచ్చిన ఫాదరు గారు, "ఫరవాలేదమ్మా, తుడవడానికైతే వెళ్లొచ్చు" అన్నారు.

"దీపం పెట్టడానికో?"

"అబ్బే, అది లూకాస్ చూసుకుంటాడు."

ఒళ్లు మండిపోయింది. బయట లూకాస్ చుట్టాలతో, "నా మొక్కే దీన్ని బతికించింది" అని చెబుతున్నాడు, ప్రతి ఏడూ చెప్పినట్టే. నన్ను చూసి, "అలా రొప్పుతావేంటి, నలుగురూ చూస్తున్నారు. కానియ్ త్వరగా" అన్నాడు.

బకెట్టు తీసుకెళ్లి ఆయన చేతికిచ్చాను.

"నేను బతకాలనే కదా మొక్కుకున్నావు లూకాస్? అయితే ఇక నుంచి ఈ కొండ నువ్వే ఎక్కు" అని చెప్పి, మెల్లగా దిగడం మొదలుపెట్టాను.