తవుడు పోసి కొన్న బిడ్డ

నేను ఒక జనన మరణాల రిజిస్టరును. విజయనగరం వైపు ఒక పల్లెలో మునసబుగారు నన్ను రాసేవారు. ముందు సగం పుట్టుకలు, వెనక సగం చావులు. ఆయన లెక్కలో రోగం ఒక్కటే, జ్వరం. చెట్టు మీంచి పడ్డవాణ్ణి కూడా జ్వరంతోనే సాగనంపారు. పుట్టినవాళ్లకింకా బారసాల అయ్యుండదు గనక పేర్లుండవు. 'ఆడ శిశువు', 'మగ శిశువు', అంతే.

తర్వాత తాలూకా ఆఫీసు బీరువాలో పడ్డాను. పింఛను కావలసినవాడు వచ్చి వయసు పెంచమంటాడు, ఉద్యోగం కావలసినవాడు తగ్గించమంటాడు. నిజమే కావాలని వచ్చినవాడు మాత్రం తవిటయ్య ఒక్కడే.

ఆ ముసలాయన కూతురు కల్యాణిని వెంటబెట్టుకుని ఖరగ్‌పూర్ నుంచి వచ్చాడు. పసితనంలోనే తల్లిదండ్రులు ఎర్రయ్య, గురమ్మ పోతే, దూరపు చుట్టాలు అక్కడికి తీసుకెళ్లి పెంచారు. కోపమొచ్చినప్పుడల్లా "నిన్ను తవుడు పోసి కొన్నార్రా" అనేవారట. గురమ్మ తన కన్నతల్లి కాదని ఆయన జీవితమంతా నమ్మాడు.

"నన్ను కన్నదెవరో, ఎందుకమ్మేసిందో తెలిస్తే సాలు బాబూ. ఇంకేటీ అక్కర్లేదు," అన్నాడు గుమాస్తా వరహాలుతో.

పేరు పట్టుకు వెతికితే నాలో ఏ పసివాడూ దొరకడు. కల్యాణి తండ్రి పుట్టిన ఏడాది పేజీలు తీసి, ఎర్రయ్య పేరు కోసం వరసగా వేలు పెట్టి చూసింది. దొరికింది. మగ శిశువు, తండ్రి ఎర్రయ్య, తల్లి గురమ్మ.

"కన్నది గురమ్మే నాన్నా!"

"మరి కొన్నారన్నారు గదే?" అన్నాడు తవిటయ్య.

వరహాలు నన్ను వెనక సగానికి, చావుల వైపుకి తిప్పాడు. ఎర్రయ్య, గురమ్మల ఆడ శిశువు, జ్వరం. మగ శిశువు, జ్వరం. ఇంకో మగ శిశువు, జ్వరం. అందరూ తవిటయ్య పుట్టకముందే పోయారు.

"తాతా, మా వైపు పిల్లలు దక్కకపోతే, పుట్టినోణ్ణి పక్కింటోళ్లకిచ్చేసి, సేటడు తవుడు పోసి మళ్లీ కొనుక్కుంటారు. పరాయి బిడ్డనుకుని సావు ఒగ్గేస్తాదని. నీ పేరూ అందుకే పెట్టుంటారు," అన్నాడు వరహాలు.

తవిటయ్య చాలాసేపు నా మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. ఇన్నేళ్లూ నన్ను తాకినవాళ్లంతా పేజీ తిప్పడానికే తాకారు. నాకు ఏడుపొచ్చింది.

"సావుని నమ్మించింది మాయమ్మ," అని కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. "నన్నూ నమ్మించేసింది."

నాలో ఉన్నదంతా కంప్యూటర్లోకి ఎక్కించి, నన్ను పాత కాగితాల కింద అమ్మేస్తారని ఈమధ్య ఆఫీసులో అనుకుంటున్నారు. ఎవరైనా చేటెడు తవుడు పోసి నన్నూ కొనుక్కుంటే బాగుండును.