పగటి నిద్ర

నైట్ షిఫ్టు ముగించుకుని లింగంపల్లిలోని మా ఫ్లాట్‌కి చేరేసరికి లోకమంతా ఆఫీసులకు బయలుదేరుతుంటుంది. నేను కర్టెన్లు వేసుకుని పడుకుంటాను. కునుకు పట్టిందో లేదో, మా మామగారు చలపతిరావుగారు తలుపు తడతారు.

"ఉమా, కాస్త లేమ్మా. కాఫీ తాగి పడుకుందువుగాని."

కాఫీ వట్టి సాకు. అసలు కారణం ఆయన ఫోన్లో ఉంది. 'పగలు నిద్రపోతున్నారా? ఇక లేవకపోవచ్చు!' అంటూ ఎర్రక్షరాల వీడియో. ఒకటి చూసినందుకు అలాంటివే బోలెడు తోసుకొచ్చాయి. ఉద్యోగం చేసినన్నాళ్లూ సంతకం లేని కాగితం ముట్టని మనిషి, పేరూ ఊరూ లేని వీడియోని మాత్రం వేదంలా నమ్మేశారు. మా ఆయనకు చెబితే "పెద్దాయన, పోనీలే" అన్నాడు. తనకేం, రాత్రిళ్లు హాయిగా గురక పెడతాడు.

నిన్న క్లయింట్ కాల్‌లో మాట్లాడుతూ మాట్లాడుతూనే నిద్రపోయాను. ఇంకోసారి ఇలా అయితే ప్రాజెక్టులోంచి తీసేస్తానన్నాడు మేనేజర్. ఏడుపొచ్చింది. ఇవాళ షిఫ్టు దిగగానే మామగారిని చందానగర్‌లో డాక్టర్ రేఖ దగ్గరికి లాక్కుపోయాను.

ఆవిడ వీడియో మొత్తం ఓపిగ్గా చూసింది.

"గిదంతా భయపెట్టి చూపిచ్చుడే సార్. ఏండ్లకేండ్లు నైట్ షిఫ్టులు చేస్తే గుండెకు జర ముప్పు పెరుగుతది, అది నిజమే. కానీ రాత్రి పనిచేసేటోళ్లకు పగటి నిద్రే అసలు నిద్ర. మీరు లేపుతుంటేనే ఆమెకు నష్టం."

గెలిచినట్టు ఆయన వంక చూశాను. ఆయన ఫోన్ వెనక్కి తీసుకుని అన్నారు.

"మా రాజరాజేశ్వరి మధ్యాహ్నం భోంచేసి పడుకుందండి. మళ్లీ లేవలేదు. అలసిపోయిందని నేనే లేపలేదు."

అత్తయ్యగారు నిద్రలోనే పోయారని నాకు తెలుసు. తానే లేపలేదన్న మాట మాత్రం ఆయన మాకెవరికీ చెప్పలేదు. ఇన్నాళ్లూ విసుక్కున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

"లేపుంటే బతికేదాండీ?" అని అడిగారాయన.

రేఖ కుర్చీ ఆయనకు దగ్గరగా జరుపుకుంది. "నిద్రల పోయిన్రంటే అది గుండె జబ్బే అయ్యుంటది సార్, నిద్ర చంపలేదు. లేపితే బతికేదా అంటే నాకు తెల్వదు. ఎవ్వరూ చెప్పలేరు."

ఇంటికొచ్చాక ఆయన ఫోన్ పక్కన పడేసి, "పడుకోమ్మా, ఇంక లేపను" అన్నారు. ఆ గొంతు వింటే, ఎంత అలసటగా ఉన్నా వెళ్లి పడుకోబుద్ధి కాలేదు. ఆయన కుర్చీ తెచ్చి నా మంచం పక్కనే వేశాను.

"లేపొద్దు మావయ్యగారూ. నేను ఊపిరి తీస్తున్నానో లేదో వింటూ ఇక్కడే కూర్చోండి."