నాలుగే జవాబులు

మేజర్ లియోనా హాస్కెల్ తన సాండ్‌విచ్‌లో సగం తుంచి లెఫ్టినెంట్ టోబియస్ క్రెయిన్ ముందుకు తోసింది. విచారణ మండలి కూర్చోవడానికి ఇంకా గంట ఉంది. అతను సైన్యంలో ఉంటాడో, ఇంటికి పోతాడో అక్కడే తేలుతుంది. మెకానిక్‌కు బ్రేకులు చూపించకుండా లారీ బయల్దేరదీశాడని అభియోగం. అది గుంటలో బోల్తాపడి ఇద్దరు సిపాయిలకు చేతులు విరిగాయి. అతని తరఫు లాయరు లియోనా.

"మెకానిక్ వచ్చేదాకా ఎందుకు ఆగలేదు?"

"సాకు ఏమీ లేదు మేడమ్."

పక్క బల్ల దగ్గర ఫైళ్లు సర్దుతున్న సార్జెంట్ పెర్ల్ ఓడమ్ నిట్టూర్చింది. "పొద్దుటినుంచీ ఇదే పాట. చిలకైనా ఈపాటికి రెండో మాట నేర్చేది."

లియోనాకు నవ్వు రాలేదు. ఆమె చదివిందీ అతను చదివిన సైనిక అకాడమీలోనే. మొదటి ఏడాది అక్కడ ఏం అడిగినా చెప్పనిచ్చేవి నాలుగే జవాబులు: అవును సార్, కాదు సార్, అర్థం కాలేదు సార్, సాకు ఏమీ లేదు సార్. బూటు మీద ఎవరో బురద చిమ్మినా వాళ్ల పేరెత్తకూడదు. ఆ అలవాటు ఎముకల్లోకి ఇంకిపోతుంది.

"నేను లెఫ్టినెంటుగా ఉన్నప్పుడు నా డ్రైవర్ ఒకరోజు ఆలస్యంగా వచ్చాడు. బిడ్డకు మూర్ఛ వచ్చి ఆసుపత్రికి పరిగెత్తాడు. ఆలస్యం ఎందుకని కల్నల్ నన్ను అడిగితే, సాకు ఏమీ లేదన్నాను. గొప్పగా చెప్పాననుకున్నాను. వాడి హోదా తగ్గించేశారు. ఆ ఏడే లా చదువుకు దరఖాస్తు పెట్టాను. సైన్యమే చదివించింది."

టోబియస్ రొట్టె ముట్టుకోలేదు. "నా తప్పు ఇంకొకరి నెత్తిన రుద్దమంటారా?"

"ఆ ఇంకొకరెవరు?"

అతను సాండ్‌విచ్ ముక్కను ఆమె వైపే వెనక్కి జరిపాడు.

"నువ్వు సరేననందే నేను నోరు విప్పకూడదు బాబూ. కానీ నిన్ను తొందరపెట్టినవాళ్లు రేపు ఇంకో లెఫ్టినెంటును తొందరపెట్టరా? అప్పుడు విరిగేది చేతులేనా?"

అతను ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. మెకానిక్ కోసం ఆగుతానని ఆ రోజు తను పంపిన సందేశం అందులో ఉంది. వాళ్ల కెప్టెన్ జవాబు కిందనే ఉంది: 'అక్కర్లేదు. వెంటనే బయల్దేరు.'

"ఓరి దేవుడా! ఇన్నాళ్లూ జేబులోనే పెట్టుకు తిరిగావా?" అంది పెర్ల్.

మండలి ముందు లియోనా ఆ మాటలు చదివి వినిపించింది. టోబియస్ లేచి నిలబడ్డాడు. "ఆయన వెళ్లమన్నారు. నిజమే. కాదనకుండా వెళ్లింది మాత్రం నేను." లియోనా ఆపబోయి ఊరుకుంది. అందులో అబద్ధం ఒక్కటీ లేదు.

అతణ్ణి మందలించి సైన్యంలోనే ఉంచారు. కెప్టెన్‌ను పిలిపించమన్నారు.

వరండాలో బెంచీ మీద కూలబడి టోబియస్ మొహం తుడుచుకున్నాడు. "పోయిన ఆదివారం కెప్టెన్‌గారింట్లోనే భోంచేశాను మేడమ్. ఆయన భార్య నాకోసం పీచ్ పండ్లు కూరి తీపి రొట్టె కాల్చింది."

లియోనా ఫైలు ఒళ్లో పెట్టుకుని అతని పక్కన కూర్చుంది.