నడిపింది తక్కువ, తోసింది ఎక్కువ

ఆమెకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. హాల్లో ఉన్న మోటార్ సైకిల్ ఏదో ఒక రోజు స్టార్టవుతుందేమోనని.

మిగతా భయాలు లేవని కాదు. గ్యాసు కట్టేశానా లేదా అని వీధి చివరిదాకా వెళ్లి వెనక్కి వచ్చే మనిషి. పాప ఒకసారి తుమ్మితే జలుబు, రెండోసారి తుమ్మితే ఆస్పత్రి. నిద్రలో పాప మరీ మెల్లగా ఊపిరి తీస్తోందని లేపేది, లేచి ఏడిస్తే హమ్మయ్య అనుకునేది, మళ్లీ పడుకోబెట్టడానికి నానా తిప్పలూ పడేది. కానీ అవన్నీ వచ్చిపోయే చుట్టాల్లాంటి భయాలు. మోటార్ సైకిల్ భయం మాత్రం పెట్టే బేడా సర్దుకుని వచ్చి హాలు మధ్యలో మకాం వేసింది.

అది మావగారి బండి. ఆయన పోయాక మెట్ల కింద గోనెపట్టాల చాటున ఏళ్ల తరబడి పడి ఉంది. ఒకప్పుడు ముదురాకుపచ్చ అని చెప్పుకోవడమే తప్ప, కంటికి కనిపించేది తుప్పే. ఒక సెలవురోజు ఆమె భర్త దాన్ని బయటికి లాగి, దుమ్ము దులిపి, చాలాసేపు చూసి, "దీన్ని నేను బాగుచేస్తాను," అన్నాడు. కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు బిగించే ఉద్యోగం అతనిది. రోజంతా చీమతలకాయంత స్క్రూలు తిప్పే చేతికి గుప్పెడంత నట్లు దొరికేసరికి ఒళ్లు తెలియలేదు.

అత్తగారు గుమ్మంలో నిలబడి చూసింది. "మీ నాన్న దీన్ని నడిపింది తక్కువ, తోసింది ఎక్కువరా," అని లోపలికి వెళ్లిపోయింది. మావగారి హెల్మెట్‌ను ఆవిడ అప్పటికే వంటింట్లో మేకుకు తగిలించి ఉల్లిపాయలు పోసుకుంటోంది. బండి మీద ఆవిడకున్న గౌరవం అంతేనని కోడలు నమ్మకంగా అనుకుంది.

ఆ నమ్మకంతోనే మొదట్లో ఆమె పెద్దగా బెంగపడలేదు. హాల్లో దుప్పటి పరిచి విప్పిన సామానంతా పాప తాగేసిన పాలపొడి డబ్బాల్లోకి వెళ్లింది. ప్రతి డబ్బా మీదా ఒక బొద్దు పాపాయి నవ్వుతూ ఉంటుంది, లోపల గ్రీజు. పాల సీసాలు మరిగించే గిన్నెలో ఒక రోజు కార్బురేటర్ మరుగుతూ కనిపించింది. ఆ గిన్నెను ఆమె పారేసింది. ఇంకో రోజు ఫ్రిజ్ తెరిచింది.

"ఏమండీ, ఐస్ పెట్టే అరలో పాప సాక్సు ఎందుకుంది?"

"అందులో బేరింగ్ ఉంది."

"బేరింగ్‌కి చలేస్తుందా?"

"చలికి కాస్త ముడుచుకుంటుంది. ఇటు దాని గూడును వేడిచేస్తే అది కాస్త విచ్చుకుంటుంది. అప్పుడు ఇందులో అది అమాంతం కూర్చుంటుంది. సుత్తి దెబ్బ అక్కర్లేదు."

"మరి రెండో సాక్సు?"

"రెండో బేరింగ్."

పాప కాళ్లకు సాక్సులు లేకుండా హాయిగా దొర్లుతోంది. పాకడం రాకముందే దొర్లడం నేర్చింది కాబట్టి దాన్ని అందరూ బంతి అనేవారు. కూతుర్ని ఎత్తుకుని అతను రోజూ ఒకే మాట చెప్పేవాడు. "ఇది స్టార్టయిన రోజు మొదటి చక్కరు మన ముగ్గురిదే. మీ అమ్మ వెనక, నువ్వు ముందు, ట్యాంకు మీద. సరేనా బంతీ?"

బంతి సరేనన్నట్టు చొల్లు కార్చేది. బంతి వాళ్లమ్మ మాత్రం గబుక్కున వచ్చి పాపను అతని చేతుల్లోంచి లాక్కునేది.

ఎందుకంటే, ఆమె తొమ్మిదో తరగతిలో ఉండగా వాళ్ల నాన్న ఇలాంటి బండి మీంచే పడ్డాడు. ప్రాణానికేం కాలేదు, కుడికాలు వంగడం మానేసింది. ఆయన పుస్తకాల దుకాణంలో ఎవరో ఒకరు కూర్చోవాలి. కొన్నాళ్లే కదా అని ఆమెను కూర్చోబెట్టారు. ఆ కొన్నాళ్లు పెళ్లయ్యేదాకా సాగాయి. తనతో చదివినవాళ్లకే పదో తరగతి నోటుపుస్తకాలు తాడు కట్టి మరీ అందించింది. ఒక్క మనిషి బండి మీంచి పడితే ఇంట్లో ఎంతమంది పడతారో ఆమెకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

ముక్కలుగా ఉన్నంతకాలం అది ఇనుము. ఇనుముతో ఆమెకు పేచీ లేదు. కానీ డబ్బాలు ఒక్కొక్కటే ఖాళీ అవుతూ వచ్చాయి. దుప్పటి మీద పరిచి ఉన్నదంతా ఒక ముద్దయింది, ముద్దకు చక్రాలొచ్చాయి, ఆకుపచ్చ రంగు మళ్లీ మెరిసింది. ఒక సాయంత్రం అతను వేలి కొనమీద ఏదో పెట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. కత్తిరించిన గోటిముక్కలా వంపు తిరిగిన చిన్న ఇనుప ముక్క.

"దీన్ని హాఫ్‌మూన్ అంటారు. ఇంజను ఇరుసుకీ దాని మీద తిరిగే చక్రానికీ మధ్య గాడిలో కూర్చుంటుంది. చూడు, ఎంతుందో. ఇది లేకపోతే పెట్రోలును అంటించే నిప్పురవ్వ రావాల్సినప్పుడు రాదు. మొత్తం బండి దండగ."

అంత వివరంగా చెప్పి ఉండకూడదు.

మర్నాడు అతను పనికి వెళ్లగానే ఆమె హాఫ్‌మూన్ ఉన్న డబ్బా మూత తీసింది. ఆ ముక్కను తీసి, తన కుట్టుమిషను సొరుగులో ఉండే గుండీల పెట్టెలో వేసి బాగా కలిపేసింది. అంతలో అత్తగారి చెప్పుల చప్పుడు వినిపించి, డబ్బా మూత సరిగా నొక్కకుండానే యథాస్థానంలో పెట్టి, ఏమీ ఎరగనట్టు ఉల్లిపాయలు తరగడానికి కూర్చుంది. కళ్లమ్మట నీళ్లు రావడానికి అదే మంచి సాకు.

సాయంత్రం అతను చేతులు కడుక్కుని హాల్లోకి వచ్చేసరికి డబ్బా ఒక పక్క, మూత ఒక పక్క, మధ్యలో బంతి. బంతి నోరు ఆడుతోంది.

అతను డబ్బాలోకి చూశాడు. పాప వైపు చూశాడు. మళ్లీ డబ్బాలోకి చూశాడు.

"అమ్మా," అన్నాడు. "బంతి హాఫ్‌మూన్ మింగేసింది."

అత్తగారు వచ్చి పాప బుగ్గలు నొక్కి నోట్లో వేలు పెట్టింది. నానిన బిస్కెట్టు ముక్క వచ్చింది. "నోట్లో ఇదే ఉంది. కడుపులో సంగతి నాకేం తెలుసు?"

"మింగలేదండీ," అంది ఆమె గుమ్మంలోంచి.

"నీకెలా తెలుసు?"

"తల్లిని కదా. తెలుస్తుంది."

"బొగ్గు తిన్నప్పుడు తెలియలేదుగా," అంది అత్తగారు.

అతను అప్పటికే చెప్పులేసుకుంటున్నాడు. ఒకటి తనది, ఒకటి వాళ్లమ్మది. "ఎక్స్‌రే తీయిద్దాం. పదండి. ఆ బండి రేపే పాత ఇనుముకు వేసేస్తాను. దరిద్రపు బండి. నా బుద్ధి గడ్డి తిని హాల్లో పెట్టాను." ముక్కు తుడుచుకున్నాడు. అద్దాలు బిగించే ఆ చేతులకు పాప చొక్కా గుండీ ఒక్కటీ పట్టుబడలేదు.

తను కోరుకున్నది అదే కదా. రేపు ఆ బండి ఉండదు. నోరు మూసుకుని కూర్చుంటే చాలు, అన్నీ వాటంతటవే జరిగిపోతాయి. ఆమె నోరు మూసుకునే కూర్చుంది, అతను పాపను భుజాన వేసుకునేదాకా. పాపను చల్లటి బల్ల మీద పడుకోబెట్టి, కదలకుండా ఎవరో నలుగురు పట్టుకుంటారని తోచింది. ఆ కంగారులో అతను రోడ్డు ఎలా దాటతాడని కూడా తోచింది. ఒక భయానికి విరుగుడు చేయబోతే దానికి పిల్లలు పుట్టాయి.

"ఆగండి," అంది. "అది గుండీల పెట్టెలో ఉంది."

పెట్టె తెచ్చి దుప్పటి మీద బోర్లించింది. గుండీలు, హుక్కులు, విరిగిన సూదులు, జిప్పు ముక్కలు. అంత బాగా కలిపింది మరి, ఎంత వెతికినా కనబడలేదు. అతను పాపను వదలకుండానే, "నిజంగా ఇక్కడే వేశావా?" అన్నాడు. అత్తగారు తాపీగా లేచి, ఫ్రిజ్ తలుపుకు అంటించి ఉన్న ప్లాస్టిక్ నారింజపండు బొమ్మ పీకి తెచ్చి, దాని వెనక అయస్కాంతాన్ని గుండీల మీద ఒకసారి ఆడించింది. హుక్కులతో పాటు హాఫ్‌మూన్ అంటుకుని పైకొచ్చింది.

అతను పాపను ఒళ్లో పెట్టుకుని నేల మీద కూలబడ్డాడు. తిట్టలేదు. "ఎందుకు దాచావు?" అన్నాడు అంతే.

ఆమె చెప్పింది. నాన్న కాలు, దుకాణం, తాడు కట్టిన నోటుపుస్తకాలు. అతనికి తెలియనివి కావు. కానీ అవన్నీ ఈ బండి దగ్గరికి వచ్చి ఆగుతాయని అతనెప్పుడూ అనుకోలేదు. "మీరు బంతిని ట్యాంకు మీద కూర్చోబెడతానంటుంటే నాకు అన్నం దిగట్లేదండీ," అంది.

అతను అయస్కాంతం మీంచి హాఫ్‌మూన్‌ను పీకి డబ్బాలో వేసి మూత గట్టిగా నొక్కాడు. "నాకసలు మోటార్ సైకిల్ నడపడం రాదు," అన్నాడు.

"ఏంటీ?"

"పుట్టినప్పటినుంచీ బస్సే. విప్పడం వచ్చు, బిగించడం వచ్చు. నడపడం నాకెవరు నేర్పారు?"

"మరి మొదటి చక్కరు, వెనక నేను, ముందు బంతి అన్నారు?"

"స్టార్టయ్యాక కదా అనుకున్నాను. ఈమధ్య స్టార్టయ్యేలా కనబడుతుంటే నాకూ భయంగానే ఉంది."

ఆమెకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది, ఏది ముందు పడాలో తెలియక రెండూ కలిసి దగ్గుగా వచ్చాయి. "అలాంటప్పుడు ఎందుకండీ ఇదంతా?"

"నాన్న వచ్చే చప్పుడు," అన్నాడు అతను, పాప నూనె రాసిన జుట్టును నిమురుతూ. "వీధి మలుపు దగ్గర మొదలయ్యేది. నేను పుస్తకం మూసేవాణ్ణి. ఒక్కసారి అది వింటే చాలనిపించింది."

ఆ మాటకు అత్తగారు మొహం పక్కకు తిప్పుకుని, చెల్లాచెదురైన గుండీలు ఏరడం మొదలుపెట్టింది. ఒక్కసారైతే సరే, అంది ఆమె భర్తతో. వీధిలో పెట్టి స్టార్ట్ చేయాలి, విని, కట్టేయాలి. ఎవరూ ఎక్కకూడదు. అతను బంతి తల మీద చెయ్యిపెట్టి ఒప్పుకున్నాడు.

సెలవురోజు పొద్దున్నే బండిని వీధిలోకి దించారు. హాఫ్‌మూన్ దాని గాడిలో కూర్చుంది. చప్పుడు వినడానికి సరిపోతుందని చిన్న సీసాడు పెట్రోలు పోశాడు. కిక్కు కొట్టాడు. బండి తిరిగి అతని మోకాలి కింద కొట్టింది. మళ్లీ కొట్టాడు, మళ్లీ తన్నింది. కాసేపు ఆ ఇద్దరి మధ్యా ఇచ్చిపుచ్చుకోవడాలు సాగాయి. ఎదురింటావిడ బట్టలు ఆరేయడం మానేసి చూస్తోంది.

"కిక్కుకు అదెప్పుడు లొంగింది కనక," అంటూ అత్తగారు మెట్లు దిగింది. చేతిలో హెల్మెట్ ఉంది. ఉల్లిపాయల పొట్టు దులిపి నెత్తిన పెట్టుకుంది, కళ్లజోడును చెవులకు బిగించుకుంది, చీర సర్దుకుని బండి ఎక్కి కూర్చుంది. "ఊఁ, తోయండి."

"అత్తయ్యా, మీకు నడపడం వచ్చా?"

"మరి మీ మావగారు తోసేవారంటే, పైన ఎవరు కూర్చునేవారనుకున్నావమ్మాయ్? దెయ్యమా? ఇద్దరిలో బరువు తక్కువదాన్ని నేను. నేను పైన, ఆయన వెనక."

"నాన్నే కదమ్మా నడుపుకుంటూ వచ్చేది," అన్నాడు కొడుకు, తన చిన్నతనమంతా కళ్లముందు తలకిందులవుతుంటే.

"సాయంత్రం నేను ఆయనకు ఎదురెళ్లేదాన్ని, మలుపు దగ్గర మార్చుకునేవాళ్లంరా. ఆయనకూ ఒక మర్యాద ఉంది కదా. అంతకుముందు స్టార్టయ్యాక దిగమంటే నేను దిగేదాన్నా?"

"చప్పుడు వినగానే కట్టేయాలి అత్తయ్యా."

"కట్టేయక తోలుకెళ్లి సంతలో అమ్ముతానా? తోయండి ముందు."

ఎదురింటావిడ పాపను ఎత్తుకుంది. మొగుడూ పెళ్లాలిద్దరూ తోశారు. స్టార్టవకూడదని ఇన్నాళ్లు కోరుకున్న ఆమె రొప్పుతూ, చెప్పు తెగినా ఆగకుండా, ఒళ్లంతా పెట్టి తోసింది. అత్తగారు క్లచ్ వదిలింది. బండి ఒకసారి ఎక్కిళ్లు పెట్టి, నల్లటి పొగ వాళ్లిద్దరి మొహాన ఊది, గట్టిగా గొంతు విప్పింది.

అతను నడివీధిలో నిలబడిపోయాడు. మసి పట్టిన బుగ్గల మీద రెండు తెల్లటి చారలు దిగాయి. ఆమె అతని చెయ్యి పట్టుకుంది. ఇంతకాలం భయపడిన చప్పుడు ఇదా అనుకుంది. పెద్దాయనెవరో భోజనం చేశాక గొంతు సవరించుకుంటున్నట్టుంది.

ఆ చప్పుడు మలుపు దాకా వెళ్లింది. మలుపు తిరిగింది. సన్నబడింది.

"కట్టేస్తారన్నారుగా," అంది ఆమె.

"అంది," అన్నాడు అతను.

ఎదురింటావిడ చంకలో ఉన్న పాప, బండితో పాటు తెచ్చిన ఒక డబ్బాను ఆడిస్తుంటే అందులో ఏదో గలగలమంది. అతను మూత తీసి చూసి, గభాలున మూసేశాడు. "వెనక బ్రేకు కడ్డీకి పట్టే నట్టు," అన్నాడు. "చప్పుడు వినడానికే కదా అని బిగించలేదు. ముందు బ్రేకు ఉందిలే."

"గట్టిగా ఉందా?"

"ఉంది." మూత మళ్లీ తీసి చూశాడు. "ఉండాలి."

అత్తగారికి ఫోను చేస్తే అది వంటింట్లో, హెల్మెట్‌లోంచి నేల మీద పోసి ఉన్న ఉల్లిపాయల్లోంచి మోగింది. అతను ఒక దిక్కుకు పరిగెత్తాడు, ఎదురింటాయన సైకిలు మీద ఇంకో దిక్కుకు వెళ్లాడు. ఆమె పాపను చంకనేసుకుని మలుపు దగ్గర నిలబడి ఉంది. మధ్యాహ్నం దాటింది. తన దగ్గర ఇన్ని రకాల భయాలున్నా, ఇలాంటిదొకటి ముందుగా భయపడి ఉంచుకోలేదే అని ఆమె బాధ. పొద్దున్న కాఫీ తప్ప అత్తగారి కడుపులో ఏమీ లేదు. మాత్ర కూడా వేసుకోలేదు. ట్యాంకులో ఉన్నది సీసాడు పెట్రోలే.

కాబట్టి ఇది చదువుతున్నవారు ఒక్కసారి లేచి మీ వీధిలోకి తొంగిచూడండి. ముదురాకుపచ్చ బండి మీద, ఉల్లిపాయ పొట్టు అంటిన హెల్మెట్ పెట్టుకుని ఒక పెద్దావిడ కనబడితే, బాగున్నారా అని అడగండి. నడుపుతూ ఉంటే మాత్రం ఆపమని చెయ్యి ఊపకండి, బ్రేకు సంగతి చెప్పాను కదా. ఆగిపోయి ఉంటే కాసిని మంచినీళ్లిచ్చి, కోడలు మలుపు దగ్గర నిలబడే ఉందని చెప్పి, ఇంటివైపు తిప్పి కాస్త తోసి పంపండి.