ఐదింటి బస్సు

ఆవకాయ ముక్కకి తడి తగలకూడదు. జీడి తీసి, లోపలి పల్చటి పొర గోటితో లాగి, ఒక్కో ముక్కనీ పొడిగుడ్డతో తుడవాలి. ఒక్క ముక్క చెమ్మగా ఉన్నా జాడీ మొత్తం బూజు పడుతుంది, ఆ బూజు కోడలి నెత్తికెక్కుతుంది. హైమవతి కాపురానికొచ్చిన ఏడాది అలాగే జరిగింది. ఇన్నేళ్ళయినా అత్తగారు సుబ్బాయమ్మ మర్చిపోలేదు. "బళ్ళో పాఠాలు చెప్పే చెయ్యి, పచ్చడికేం పనికొస్తుందమ్మా" అంటూనే ఉంటుంది. పోనీ పనికిరాని చెయ్యి కదా అని ఒక్క వేసవైనా వదిలిందా అంటే, అదీ లేదు.

ఆ ఆదివారం వసారాలో హైమవతి కత్తిపీట ముందు కాయలు కోసి జీడి తీస్తుంటే, ఎదురుగా సరోజ ముక్కలు తుడుస్తోంది. సరోజది పదహారేళ్ళ వయసు, నాలుగేళ్ళ బుద్ధి. మామిడి తోటల్లో కూలికెళ్ళే రమణమ్మ కూతురు. హెడ్మాస్టరు ఇలాంటి పిల్లలందర్నీ హైమవతి తరగతిలో ఓ మూల కూర్చోబెట్టి, "ఆడవాళ్ళకి ఓపికెక్కువ కదండీ" అన్నాడు. ఇంట్లోనూ అదే మాట, బళ్ళోనూ అదే మాట. ఆ ఓపిక ఎక్కణ్ణించి వస్తుందో ఒక్కళ్ళూ అడగరు. కిందటేడు వేసవి సెలవులకి బడి మూసేరోజున ఆయనే, "సరోజకి వయసు దాటిపోతోంది, వచ్చే ఏడాది పేరు తీసేద్దామండీ" అన్నాడు. తీసేశాక ఆ పిల్ల ఎక్కడికెళ్తుందండీ అంటే, "అది మన పనా టీచరుగారూ?" అని నవ్వాడు.

మరెవరి పని? రమణమ్మ తోటకెళ్తే పిల్ల గుడిసెలో ఒంటరిగా ఉంటుంది. ఎదిగిన పిల్ల, ఎవడు పిలిచినా నవ్వుతూ వెళ్తుంది. ఆ భయంతోనే హైమవతి ఆ వేసవిలోనే నూజివీడు రోడ్డులో మామిడికాయలు బుట్టలకెత్తే షెడ్డుకెళ్ళి, యజమాని బసవపున్నారావుని బతిమాలింది. ఒకరోజు చూద్దామన్నాడాయన. సరోజ కాయ తుడిస్తే అద్దంలా ఉంది, దెబ్బకాయ ఒక్కటి కూడా మంచి బుట్టలోకి పోలేదు. కానీ సాయంత్రం అందరూ లేచి వెళ్ళిపోయినా ఆ పిల్ల తుడుస్తూనే ఉంది. దీపాలు పెట్టాక రమణమ్మ ఏడ్చుకుంటూ వెతుక్కుంటూ వచ్చింది.

"పనికి వంక లేదండీ. ఆపమనేదాకా ఆపదు, అదీ చిక్కు" అన్నాడు బసవపున్నారావు. "ఆడపిల్ల, రేపు ఏదైనా జరిగితే నా మెడకి చుట్టుకుంటుంది. వేళకి లేచి ఇంటికెళ్ళడం నేర్పండి, అప్పుడు పెట్టుకుంటా."

పని నేర్పడం హైమవతికి తెలుసు. పని ఆపడం ఎలా నేర్పాలో తెలీలేదు. తనకొస్తే కదా! గడియారం చూపిస్తే సరోజ ముల్లుని చూసి నవ్వేది. చివరికి బస్సు గుర్తొచ్చింది. సాయంత్రం ఐదింటికి నూజివీడు వెళ్ళే ఎర్రబస్సు ఊళ్ళో బడి ముందు నించీ వెళ్తుంది, షెడ్డు ముందు నించీ వెళ్తుంది, రెండుచోట్లా మలుపులో హారను కొడుతుంది. అదే బస్సు తిరిగొచ్చేటప్పుడు ఎక్కితే ఇంటికి చేరుతుంది. హారను వినగానే లేవాలి, చేతులు కడుక్కోవాలి, "పనైపోయిందండి, వెళ్తానండి" అనాలి. చలికాలమంతా బడి వదిలాక ఇదే పాఠం. మొదటిమాట చెప్పి సరోజ ఆగిపోయేది. "వెళ్తానండి అనాలి" అని హైమవతి అందించేది. అందించీ అందించీ గొంతు పోయింది. ఆలస్యంగా ఇల్లు చేరితే మొగుడు శేషగిరి, "దేశాన్ని ఉద్ధరించి వచ్చావా? కాస్త కాఫీ కూడా ఉద్ధరించు" అనేవాడు.

రేపు సోమవారం నించి షెడ్డులో పని. మొదటి పక్షం రోజులు పక్కన టీచరుగారుండాలని బసవపున్నారావు షరతు. ఇంట్లో చూస్తే ఎల్లుండి ఆడపడుచు పిల్లలతో దిగుతోంది.

ఇవాళ పొద్దున రమణమ్మ తోటకెళ్తూ పిల్లని దింపిపోయింది. కూలోళ్ళ పిల్ల ఆవకాయ ముక్క ముట్టుకోవడమేంటని మూతి ముడిచిన సుబ్బాయమ్మ, అరగంట ఆ చేతులు చూశాక మడి సంగతే ఎత్తలేదు.

"కలిసొచ్చే కాలానికి నడిచొచ్చే కొడుకు పుడతాడంటారు. మనకి నడిచొచ్చిన పనిపిల్ల! ఎదురు చెప్పదు, అలిసిపోయాననదు. ఇంట్లోనే పెట్టుకుందాంరా" అంది కొడుకుతో.

"నేనూ అదే అనుకుంటున్నానమ్మా" అన్నాడు శేషగిరి పేపరు వెనకనించి. "షెడ్డు చుట్టూ తిరగడం తప్పుతుంది. హైమకీ సుఖమేగా."

సుఖం అన్నమాట వినగానే హైమవతి చెయ్యి ఆగింది. నిజం చెప్పాలంటే ఆశ పుట్టింది. గిన్నెలు ఎవరో తోముతారు, నీళ్ళు ఎవరో తోడుతారు, తను మధ్యాహ్నం కాస్త నడుం వాలుస్తుంది. రమణమ్మ కూడా, "మీ ఇంట్లో అయితే నాకు బెంగుండదమ్మా" అంటుంది. అందరికీ బావుంటుంది. అలిసిపోయానని అనని ఆడది ఇంట్లో ఉంటే అందరికీ బావుంటుంది, ఆ సంగతి ఈ ఇంట్లో తనకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? ఛీ, ఎంత మాట అనుకుంది మనసు, అని తనమీద తనకే ఒళ్ళు మండింది.

బడి మలుపులో ఐదింటి బస్సు హారను మోగింది.

సరోజ గుడ్డ కింద పెట్టి లేచింది. తొట్టి దగ్గర చేతులు కడుక్కుని వచ్చి, సుబ్బాయమ్మ ముందు నిలబడింది.

"పనైపోయిందండి. వెళ్తానండి."

ఒక్కరూ అందించలేదు. రెండుమాటలూ తనే అంది. హైమవతికి కళ్ళనీళ్ళు తిరిగాయి.

"ఏంటి అయ్యేది? సగం గంప అలాగే ఉంది! కూర్చో" అంది సుబ్బాయమ్మ.

సరోజ కదల్లేదు. టీచరు వైపు చూసింది.

"నువ్వు చెప్పవే హైమా, నీ మాటైతే వింటుంది. ఇవాళొక్కరోజుకి."

శేషగిరి పేపరు దించాడు. "చెప్పు. ఇంతలో ఏం మునిగిపోతుంది?"

మునిగిపోయేది ఏంటో హైమవతికి తెలుసు. ఇప్పుడు తను కూర్చోమంటే ఆ పిల్లకి హారనుకి అర్థం ఉండదు. రేపు షెడ్డులో ఎవరు కూర్చోమన్నా కూర్చుంటుంది, ఎంత చీకటిపడినా. టీచరు నోరు మెదపకపోయేసరికి సరోజ మోకాళ్ళు అప్పుడే వంగుతున్నాయి, చెయ్యి గుడ్డకోసం వెతుకుతోంది.

హైమవతి కత్తిపీట మడిచి పక్కనపెట్టింది. తొట్టి దగ్గరికెళ్ళి, మోచేతులదాకా పట్టిన మామిడి జిగురు పోయేలా రుద్ది రుద్ది చేతులు కడుక్కుంది. తడిచేతులతోనే తిరిగొచ్చి అత్తగారి ఎదుట, సరోజ పక్కన నిలబడింది.

"పనైపోయిందండి" అంది.

మొదటిమాట దగ్గరే ఆగిపోయింది. రెండోది పుట్టిన దగ్గర్నించీ ఎవరి ముందూ అనని మాట మరి.

సరోజ ఆమె కొంగు పట్టుకుని మెల్లిగా లాగింది.

"వెళ్తానండి అనాలి, టీచర్."